బ్రైటన్ – ఊరివారి జ్ఞాపకాలు

గ్రాహమ్ గ్రీన్ 1938లో ప్రకటించిన ‘బ్రైటన్ రాక్’ నవల పేరు మొదటిసారి విన్నప్పుడు నేను కళాశాలలో చదువుతున్నాను. బ్రైటన్ సముద్రపుటొడ్డున ఒక పెద్ద బండరాయి ఉన్నదనీ, కథ దాని చుట్టూ నడుస్తుందనీ ఊహించుకొన్నాను. ఆ ఊళ్లో రాక్ అనగా అంగళ్లలో అమ్మే పంచదారపాకపు కడ్డీ అని చాలాకాలానికి గాని తెలియలేదు. రంగు కలిపిన పాకాన్ని పట్టీలుగా కోసి, అక్షరాలుగా పేర్చి, చుట్టూ తెల్లని పాకం చుట్టి, ఆ లావుపాటి దిమ్మెను సన్నగా సాగదీస్తారు. ఆ కడ్డీని ఎక్కడ విరిచినా లోపల ఊరి పేరు కనిపిస్తుంది. మన జీళ్లు సాగదీసే చేతులకు ఆ పని కొత్తగా తోచదు. విహారానికి వచ్చినవారు దానిని కొని, గుర్తుగా ఇంటికి తీసుకొనిపోతారు.

ఇంగ్లండులోని సముద్రతీర పట్టణాలను గురించి మనకు తెలిసినది చాలావరకు ఇట్లు వచ్చి పోయినవారు చెప్పినదే. ఆ తీరాలను వర్ణించిన నవలాకారులు, చిత్రించిన చిత్రకారులు పెక్కురు అతిథులు. అక్కడ పుట్టి, అక్కడ పనిచేసి, అక్కడే ముసలివారైనవారు తమ ఊరిని గురించి ఏమి వ్రాశారు? అట్టి పట్టణాలు ఎన్నో ఉన్నవి గాని, నేను కొంత చదివి, ఒకసారి కంటితో చూచి, దాని వ్రాతలలో కొన్ని పుటలను తెలుగు చేయ ప్రయత్నించినది బ్రైటన్ ఒక్కటే. కనుక ఆ ఊరికే పరిమితమవుతాను.

లండనుకు దక్షిణంగా సుమారు 50 మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరు మొదట బెస్తవారిది. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఇక్కడి శిస్తు 4,000 హెర్రింగు చేపలని వ్రాసి ఉన్నది. ఊరి దశ మారినది 18వ శతాబ్ది మధ్యలో. పొరుగున ఉన్న లూయిస్ పట్టణపు వైద్యుడు రిచర్డ్ రస్సెల్, గ్రంథుల వ్యాధులకు సముద్రజలం ఔషధమని 1750లో లాటిను భాషలో ఒక గ్రంథం ప్రకటించాడు. రోగులు ఆ నీట మునగవలెను, దానిని త్రాగవలెను కూడా. లాటిను గ్రంథం వైద్యులు చదివినారు. 1752లో ఆంగ్లానువాదం వెలువడిన తరువాత రోగులే చదివినారు. కొద్దికాలానికే రస్సెల్ బ్రైటనుకు తరలివచ్చి అక్కడే వైద్యం సాగించాడు. ఒక్క అనువాదం ఊరిని నిర్మించినదని నేననను. అయినా అనువాదకులకు గర్వించే అవకాశాలు తక్కువ గనుక దీనిని గుర్తు చేస్తున్నాను. మాఘపూర్ణిమనాడు సముద్రస్నానానికి పోయే మనకు నీటి మహిమ కొత్త కాదు. కాని మునకకు ముందు వైద్యుని చీటీ వ్రాయించుకొనుట మాత్రం కొత్తయే.

1783లో యువరాజు వచ్చాడు. తరువాత నాలుగవ జార్జి రాజైనవాడు ఇతడే. ఇతని కొరకు జాన్ నాష్ అనే శిల్పి 1815–1822 మధ్య రాయల్ పెవిలియన్‌ను పునర్నిర్మించాడు. దాని వెలుపలి గుమ్మటాలు హిందూదేశపు పోలిక, లోపలి అలంకరణ చీనా పోలిక. 1801లో 7,339గా ఉన్న జనసంఖ్య 1841 నాటికి 46,661 అయినది. ఆ యేడే లండను నుండి రైలు వచ్చినది. అటు పిమ్మట కార్మికులు కూడా ఒక పూట సముద్రం చూచి పోగలిగారు. ఊరి నడుమ స్టెయిన్ అనే పచ్చికబయలు ఉన్నది. బెస్తలు వలలు ఆరవేసుకొనే చోటు అది. పెద్దమనుషుల షికారుకు వలలు అడ్డమైనవి. కడకు బయలు చుట్టూ కంచె లేచినది. ఊరి చరిత్రలో ఇది చిన్న సంగతియే కావచ్చును. నా మట్టుకు మిగిలిన చరిత్ర అంతా అందులోనే ఉన్నట్లు తోచినది.

ఆ రోజులలోనే అతిథిగా కాక జీవనార్థియై వచ్చినవాడు పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. భారతీయుడు ఆంగ్లంలో వ్రాసి ప్రకటించిన మొదటి గ్రంథం ఇతని యాత్రాగ్రంథమే. అది 1794లో ఐర్లండులో అచ్చయినది. 1814 ప్రాంతంలో బ్రైటను చేరి, ఆవిరిస్నానం, ఒళ్లు పట్టుట వృత్తిగా స్నానశాల నడిపి, రాజులకు సైతం వైద్యుడై, 1851లో అక్కడే కన్నుమూశాడు. షాంపూ అనే మాట మొదట తలకు రాచుకొనే ద్రవం కాదు. హిందీ వారి ‘చాంపో’ అనే ఆ ఒత్తుడే షాంపూ. చిన్ననాటి హిందూదేశాన్ని గురించి పుస్తకం వ్రాసిన ఈయన, బ్రైటనులో ఉండగా వ్రాసినది తన చికిత్సను గురించి. మూడున్నర దశాబ్దాలు మించి బ్రతికిన ఊరిని గురించి అట్టి పుస్తకమే మరొకటి వ్రాసి ఉంటే ఎంత బాగుండునో!

నేను వెళ్లినది నవంబరు మాసంలో. బస ఇచ్చిన ఇంటి ఇల్లాలు, “సీజను కానప్పుడు ఎందుకు వచ్చారు?” అని అడిగినది. ఆమె ప్రశ్నలో ఆశ్చర్యమే గాని అమర్యాద లేదు. సీజను అనే ఆ మాటకు ఋతువు అని వ్రాస్తే అర్థం చెడుతుంది. అది వానలకో ఎండలకో సంబంధించిన కాలం కాదు, గిరాకీ కాలం. వేసవి నాలుగు నెలల సంపాదన మీద మిగిలిన ఎనిమిది నెలలు గడవవలెను. గదులు అద్దెకిచ్చేవారికి, పడవలు నడిపేవారికి, హోటళ్లలో పాత్రలు తోమేవారికి పంచాంగం అదే. తీరం చూచినప్పుడు మరొక తప్పు బయటపడినది. నా చిత్తుప్రతిలో పిల్లలు ఇసుకలో పరుగెత్తుతున్నారు. నాకు తెలిసిన సముద్రం విశాఖపట్నానిది. బ్రైటను ఒడ్డున ఉన్నది గులకరాళ్లు. ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేయుట కష్టం. తిరిగివచ్చి ఆ వాక్యాలన్నీ దిద్దుకొన్నాను.

పియర్ అనే మాట కూడా ఇట్టిదే. రేవుకట్ట అని వ్రాయబోయి మానినాను. 1823లో తెరచిన చెయిన్ పియర్‌కు నిజంగానే పడవలు వచ్చి ఆగేవి. అది 1896 డిసెంబరు తుపానులో కూలినది. 1866 నాటి వెస్ట్ పియర్ మాత్రం నీటిమీద షికారు చేయుటకు కట్టినది. 1975లో దానిని మూసివేశారు. 2003లో అది కాలిపోగా, ఇనుప చట్రం నీటిలో నిలిచినది.

ఇక పుస్తకాల మాట. క్వీన్స్ పార్కు అనే ఉద్యానంలోని పాత భవనాన్ని జూదశాలగా మార్చే ప్రయత్నం జరుగగా, ఆ పేటవారు ఎదిరించి, పిల్లల బడి కావలెనన్నారు. ఆ ఉద్యమంలో 1972లో పుట్టిన పేటపత్రిక క్వీన్‌స్పార్క్. దాని నుండి పుస్తకప్రచురణ మొదలైనది. 1974లో వెలువడిన మొదటి పుస్తకం ఆల్బర్ట్ పాల్ బాల్యస్మృతులు. పేరు ‘పేదరికం, కష్టం, అయినా సంతోషం’ అని తెలుగు చేయవచ్చును. కాలం 1903–1917. వడ్రంగిగా ఆయన గడిపిన 51 ఏండ్ల కథ తరువాత మరొక పుస్తకమైనది. మరుసటి యేడు, 1975లో, డైసీ నోక్స్ తన బాల్యాన్ని, ఇతరుల ఇండ్లలో చేసిన చాకిరిని వ్రాసినది. అతిథులు చూచిన బ్రైటనులో సంగీతమండపాలూ గుమ్మటాలూ ఉన్నవి. వీరి బ్రైటనులో చాకిరేవు బానలు, అద్దె బకాయిలు, అన్న తొడిగి విడిచిన బూట్లు.

ఇవి గొప్ప సాహిత్యమని పొగడను. చెప్పినదే చెప్పుట ఉన్నది. ఆ రోజులే వేరన్న నిట్టూర్పు కొన్నిచోట్ల కష్టాన్ని కూడా తీపి చేస్తుంది. అయినా వస్తువుల పేర్లలో, కూలిలెక్కలలో, వీధుల వరుసలో వీరు తడబడరు. నవలాకారుడు వెదకి తెచ్చుకొనేది వీరికి చేతికింద ఉన్నది.

అనువాదంలో నేను పడిన కష్టం ఇక్కడనే. మొదటి ప్రతిలో మా వడ్రంగి పండితుడైపోయినాడు. ‘నిర్ధనుడనై’ అన్నాడు! సిగ్గుపడి, మా బందరు ప్రాంతపు పనివాళ్ల నుడికారం ఎక్కించాను. ఈసారి ఆయన బందరువాడైనాడు. బ్రైటను మాయమైనది. చివరకు ఏ జిల్లాకూ చెందని పొట్టివాక్యాలతో, పనిముట్లకు మన వడ్రంగులు వాడే పేర్లతో సరిపెట్టుకొన్నాను. బాడిత, చిత్రిక, ఉలి ఎక్కడి కొయ్యమీదనైనా పనిచేస్తవి. అది సరియైన పరిష్కారమని ఇప్పటికీ నమ్మకం లేదు.

అతిథులూ కాక, ఊరివారూ కానివారు మరికొందరు ఉన్నారు. 1914 డిసెంబరు నుండి 1916 ఆరంభం వరకు రాయల్ పెవిలియన్ గాయపడిన భారత సైనికుల ఆసుపత్రి. హిందువులకు, ముస్లింలకు వేర్వేరు వంటశాలలు, వేర్వేరు నీటికొళాయిలు ఏర్పరచారు. రాజభవనపు చరిత్రను 1915లో ఆంగ్లంలో, గురుముఖిలో, ఉర్దూలో అచ్చు వేయించి సైనికులకు ఇచ్చారు. ఊరిలోని బీదల ఆశ్రమాన్ని మరొక భారతీయ ఆసుపత్రిగా మార్చారు. అక్కడి రోగులను మాత్రం స్వేచ్ఛగా బయటికి పోనీయలేదు. మరణించిన హిందువులను, సిక్కులను ఊరి వెలుపల కొండపైన దహనం చేశారు. అక్కడ బొంబాయి శిల్పి ఇ. సి. హెన్రిక్స్ రూపకల్పన చేసిన చత్రి 1921లో నిలిచినది. వారిలో 53 మంది పేర్లు రాతికెక్కినది 2010లో.

వారు ఇండ్లకు వ్రాసిన ఉత్తరాలు, ఎక్కువగా లేఖకుల చేత వ్రాయించినవి, తనిఖీ అధికారుల చేతిమీదుగా పోయేవి. ఆ అధికారులు తమ నివేదికల కొరకు కొన్ని భాగాలను ఆంగ్లంలోకి అనువదించుకొన్నారు. ఉర్దూలో, పంజాబీలో, హిందీలో ఉన్న మూలాలు చాలావరకు దొరకవు. ఆ ఆంగ్లభాగాలు నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నవి. డేవిడ్ ఒమిస్సీ వాటినుండి ఏరి 1999లో ఒక సంపుటం ప్రకటించాడు. దానిని తెలుగు చేయ పూనుకొన్నవారు, మూలం చూచి సరిదిద్దుకొనే వీలులేని అనువాదాన్ని మరల అనువదించవలసి వస్తుంది. నేను పది ఉత్తరాలు చేసి ఆపినాను. ఆ పదింటిలోను తండ్రికి, అన్నకు వ్రాసిన సంబోధన ఆంగ్లంలో ఒక్కటే మాట. సైనికుడు తన నుడిలో ఏమని పిలిచినాడో.