అధికారి గుండె, బంట్రోతు గుండె

పెద్ద పదవిలో ఉన్నవారికి బాధ్యతలు ఎక్కువ, కనుక గుండెజబ్బులు కూడా వారికే ఎక్కువ అని మనలో చాలామంది నమ్మకం. మా చికిత్సాలయానికి వచ్చే గుమాస్తాలు సైతం "మాకేమి ఒత్తిడండీ, ఆ బాధలన్నీ ఆఫీసరుగారివి" అంటూ ఉంటారు. ఈ నమ్మకం సరియైనది కాదని లండను నగరంలో జరిగిన ఒక సుదీర్ఘ పరిశోధన తెలియజేసింది.

వైట్‌హాల్ అనేది అక్కడి ప్రభుత్వ కార్యాలయాలున్న వీధి. 1967లో మొదలుపెట్టి సుమారు 18,000 మంది పురుష ఉద్యోగులను పరీక్షించి, అటు తరువాత ఎవరు ఏ వ్యాధితో మరణించారో ఏళ్ల తరబడి నమోదు చేశారు. పదేళ్ల లెక్క చూడగా, బంట్రోతులు మొదలైన అట్టడుగు శ్రేణివారిలో గుండెజబ్బు మరణాలు అత్యున్నతాధికారులలో కంటే సుమారు మూడు రెట్లు ఉన్నాయి. వీరెవరూ తిండికి లేని నిరుపేదలు కారు. అందరికీ స్థిరమైన జీతం, అందరికీ ప్రభుత్వ ఉచిత వైద్యం ఉన్నవి. హోదాలో ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ ముప్పు పెరుగుతూ వచ్చింది. క్రింది శ్రేణివారు పొగ ఎక్కువ త్రాగుతారు కదా అని మీరడుగవచ్చు. నిజమే. కాని పొగ, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివి లెక్కలోకి తీసుకున్న పిమ్మట కూడా ఆ తేడాలో సగానికి పైగా మిగిలే ఉన్నది.

ఆ మిగిలినదేమిటో తెలుసుకొనడానికి మైకేల్ మార్మట్ బృందం 1985లో రెండవ పరిశోధన ఆరంభించి, ఈసారి స్త్రీలను కూడా చేర్చుకొని 10,308 మందిని పరిశీలించింది. తన పనిని ఎప్పుడు, ఏ విధంగా చేయాలో నిర్ణయించుకొనే అధికారం లేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని 1997లో ప్రకటించిన ఫలితాలలో తేలింది. దానికి పనిభారం కూడా తోడైతే ముప్పు ఇంకా హెచ్చని 2003లో వెల్లడించారు.

మన ఆచార్యులు ఈ లండను లెక్కలను ముందే చెప్పారని నేననను. అటువంటి గొప్పలు శాస్త్రానికి గౌరవం తెచ్చేవి కావు. అయితే రోగాన్ని పెంచేవాటిలో విషాదమే అగ్రగణ్యమని చరక సంహిత సూత్రస్థానంలో ఉన్నది. పథ్యమైన ఆహారాన్ని మితంగా భుజించినా చింత, శోకం, భయం, క్రోధం ఉన్నవారికి జీర్ణం కాదని విమానస్థానం చెబుతుంది. గురుకులంలో మా గురువుగారు నాడి చూడడానికి ముందు "ఇంట్లో నీ మాట ఎవరు వింటారు?" అని రోగిని అడిగేవారు. అప్పట్లో నాకది కుశలప్రశ్న వలె తోచేది.

పై పరిశోధన కార్యాలయాలకు సంబంధించినది, వంటింటికి కాదు. అయినా మా వద్దకు అజీర్ణం, నిద్రలేమి, గుండెదడ అంటూ వచ్చే గృహిణులను చూస్తే నాకు ఆ బంట్రోతులే గుర్తుకు వస్తారు. ఏ వేళకు తినాలో, ఎప్పుడు నడుము వాల్చాలో, పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలో, ఏదీ తమ చేతిలో లేనివారు వీరు. ఇటువంటివారికి కషాయం వ్రాసి పంపడంతో వైద్యం పూర్తి కాదు. భర్తను, అత్తగారిని కూడా కూర్చోబెట్టి, రోజులో ఒక గంట ఆమె ఇష్టానికి విడిచిపెట్టమని చెబుతాను. ఔషధం కంటే దీనికి ఒప్పించడమే కష్టం!

ఆ గంటలో ఏమి చేయాలన్నది ఆమె ఇష్టం. అడిగితే మాత్రం, గోరువెచ్చని నువ్వులనూనెతో తలకు, ఒంటికి మర్దన చేసుకొని అరగంట తరువాత వేడినీళ్ల స్నానం చేయమంటాను. జ్వరం, అజీర్ణం ఉన్న రోజున మర్దన కూడదు. నిద్ర పట్టనివారు రాత్రి అరికాళ్లకు ఆ నూనెనే రాచుకొనవచ్చును.

నూనె మర్దన గుండెజబ్బుకు చికిత్స కాదు. రక్తపోటు మాత్రలు వాడేవారు వాటిని మానరాదు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, బ్రతుకు మీద విరక్తి మాటలు వినిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయక మానసిక వైద్యునికి చూపించండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.