ఉపవాక్యము (ఆంగ్ల వ్యాకరణము)

ఆంగ్ల వ్యాకరణములో ఉపవాక్యము అనగా కర్త, క్రియ రెండూ ఉన్నప్పటికీ తనంతట తాను పూర్తి వాక్యము కాలేక, మరొక వాక్యముపై ఆధారపడి ఉండే పదసమూహము. దీనిని ఆంగ్లములో సబార్డినేట్ క్లాజ్ అని, డిపెండెంట్ క్లాజ్ అని అంటారు. ఇది ఏ వాక్యముపై ఆధారపడి ఉన్నదో దానిని ప్రధాన వాక్యము లేదా మెయిన్ క్లాజ్ అంటారు. ఒక ప్రధాన వాక్యము, ఒకటి లేదా అంతకంటె ఎక్కువ ఉపవాక్యములు కలిసి ఏర్పడినది కాంప్లెక్స్ సెంటెన్స్. తెలుగు వ్యాకరణములోని సంశ్లిష్ట వాక్యము దీనికి దగ్గరగా ఉంటుంది.

పూర్తి వాక్యము

వ్రాతలో పూర్తి వాక్యమునకు సాధారణముగా ఒక కర్త, ఒక సమాపక క్రియ ఉండవలెను. దానిని మరొక వాక్యమునకు లోబరచే పదము ముందు ఉండకూడదు. వాక్యము పొడవునకు, పూర్ణత్వమునకు సంబంధము లేదు. "గో" అనే ఒక్క పదము పూర్తి వాక్యమే, ఎందుకంటే ఆజ్ఞార్థకములో "యు" అనే కర్త చెప్పకుండానే తెలుస్తుంది. "బికాజ్ ది లాస్ట్ బస్ టు ది విలేజ్ హాడ్ లెఫ్ట్" అనేది అంతకంటె ఎంతో పొడవైనది, అయినా అది పూర్తి వాక్యము కాదు. ఊరికి వెళ్ళే చివరి బస్సు వెళ్ళిపోయినందువలన ఏమి జరిగిందో అందులో లేదు.

తెలుగుతో పోలిక

ఈ విషయము తెలుగు విద్యార్థులకు కష్టముగా తోచడానికి రెండు భాషల నిర్మాణములోని తేడా ఒక ముఖ్య కారణము. తెలుగులో ఎక్కువ సందర్భములలో క్రియా రూపమే వాక్యము పూర్తి కాలేదని తెలియజేస్తుంది. "వచ్చాడు" అనేది సమాపక క్రియ. "వచ్చి" (క్త్వార్థకము), "వస్తూ" (శత్రర్థకము), "వస్తే" (చేదర్థకము), "వచ్చినా" (అప్యర్థకము) అనేవి అసమాపక క్రియలు. "రవి ఇంటికి వస్తే" అని ఆపితే వినేవారు తరువాతి మాట కోసము ఎదురు చూస్తారు.

ఆంగ్లములో అలా కాదు. "రవి కేమ్ హోమ్" అనేది పూర్తి వాక్యము. దాని ముందు "ఆఫ్టర్" అనే పదము చేర్చి "ఆఫ్టర్ రవి కేమ్ హోమ్" అంటే అది ఉపవాక్యముగా మారుతుంది. క్రియలో మాత్రము ఏ మార్పూ లేదు. అందువలన క్రియను మాత్రమే చూసి పూర్తి వాక్యమని భావించే అవకాశము ఎక్కువ. తెలుగులో "అతడు వస్తాడని తెలుసు" వంటి వాక్యములలో "అని" కలిసినప్పుడు మాత్రము సమాపక క్రియ అలాగే నిలిచి ఉంటుంది.

రకములు

వాక్యములో చేసే పనిని బట్టి ఉపవాక్యములు మూడు రకములు.

* నామ ఉపవాక్యము: నామవాచకము స్థానములో వస్తుంది. "ఐ నో దట్ హి ఈజ్ ఆనెస్ట్" (అతడు నిజాయితీపరుడని నాకు తెలుసు). ఇందులో "దట్" అనే పదమును వదిలివేయవచ్చును. అప్పుడు కూడా అది ఉపవాక్యమే.
* విశేషణ ఉపవాక్యము: నామవాచకమును వర్ణిస్తుంది. "ది బుక్ దట్ యు గేవ్ మి ఈజ్ లాస్ట్" (నువ్వు నాకు ఇచ్చిన పుస్తకము పోయింది). తెలుగులో ఈ భాగము నామవాచకమునకు ముందు వస్తుంది, ఆంగ్లములో తరువాత వస్తుంది.
* క్రియావిశేషణ ఉపవాక్యము: కాలము, కారణము, షరతు మొదలగు వాటిని తెలుపుతుంది. బికాజ్, ఇఫ్, ఆల్దో, అంటిల్ వంటి పదములతో మొదలవుతుంది.

కామాతో మారే అర్థము

విశేషణ ఉపవాక్యములో కామా అర్థమునే మార్చగలదు. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గుంటూర్ ఈజ్ ఎ డాక్టర్" అని కామాలు లేకుండా వ్రాస్తే, అన్నదమ్ములలో గుంటూరులో ఉన్నవాడు డాక్టరు అని అర్థము. అనగా చెప్పేవారికి ఒకరికంటె ఎక్కువమంది సోదరులు ఉన్నారని సూచన. "బ్రదర్" తరువాత, "గుంటూర్" తరువాత కామాలు పెడితే, ఆ సోదరుడు డాక్టరు, అతడు ఉండేది గుంటూరు అనే అదనపు సమాచారము మాత్రమే అవుతుంది.

సాధారణముగా జరిగే పొరపాట్లు

* "ఎందుకు" అనే ప్రశ్నకు "బికాజ్"తో మొదలయ్యే ఉపవాక్యము మాత్రమే వ్రాసి ఆపివేయుట. సంభాషణలో ఇది సహజమే, కానీ వ్రాతలో అసంపూర్ణ వాక్యముగా పరిగణిస్తారు. "బికాజ్"తో వాక్యము మొదలుపెట్టరాదనే నియమము మాత్రము లేదు. వెనుక ప్రధాన వాక్యము ఉంటే చాలును.
* "ఆల్దో" వాడిన తరువాత ప్రధాన వాక్యము ముందు "బట్" కూడా చేర్చుట. వీటిలో ఒకటి చాలును.
* నామ ఉపవాక్యములో ప్రశ్న క్రమమును వాడుట. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనేది ప్రామాణిక ఆంగ్లములో తప్పు, "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్" అనేది ఒప్పు.

గుర్తించు విధానము

మొదట సమాపక క్రియలను గుర్తించవలెను. తరువాత ప్రతి క్రియకు కర్త ఏదో చూడవలెను. చివరగా, ఏ భాగము ముందు లోబరచే పదము ఉన్నదో, లేదా ఉండదగినదో పరిశీలించవలెను. అటువంటి పదము లేని కర్త-క్రియల జంట ఒక్కటైనా మిగిలితే అది పూర్తి వాక్యము.

వ్యాకర్తల అభిప్రాయ భేదములు

భారతదేశములోని పాఠశాలలలో ప్రసిద్ధి పొందిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణము పైన చెప్పిన మూడు రకముల విభజనను అనుసరిస్తుంది. 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ గ్రామర్ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్ గ్రంథములో రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ "బికాజ్", "ఆల్దో" వంటి పదములను ప్రిపోజిషన్లుగా వర్గీకరించారు. పేర్లు వేరైనా, ఇవి ముందు చేరిన భాగము ఒంటరిగా పూర్తి వాక్యము కాదనే విషయములో తేడా లేదు.

సాహిత్యములో అసంపూర్ణ వాక్యములను రచయితలు కావాలనే వాడుతుంటారు. చార్లెస్ డికెన్స్ 1852-53లో భాగములుగా ప్రచురించిన బ్లీక్ హౌస్ నవల ప్రారంభము, ప్రధాన వాక్యములలో సమాపక క్రియలు లేకుండానే సాగుతుంది.