గింజను బట్టే పిండి

దేవుని ముందు కళ్లు మూసుకుని కూర్చుంటామో లేదో, మనసు ఊరంతా తిరిగి వస్తుంది. ఎవరో ఎన్నడో అన్న మాట, తీరని బాకీ, పొరుగువారి పట్ల అసూయ... ఒకదాని వెంట ఒకటి ముసురుకుంటాయి. ‘ఇంతటి చపలచిత్తంతో చేసే ప్రార్థన భగవంతుని చేరుతుందా?’ అని మథనపడని భక్తులు అరుదు. పదహారు వందల ఏళ్ల కిందట ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన క్రైస్తవ సన్యాసులనూ ఈ ప్రశ్నే వేధించింది.

వారిలో ఎవాగ్రియస్ ఒకరు. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో పేరెన్నికగన్న పండితుడు. ఒక వివాహిత పట్ల కలిగిన మోహం తనను పతనం చేయగలదని గ్రహించి ఆ నగరాన్నే వీడాడు. ఎడారి కుటీరం చేరి, గ్రంథాలకు ప్రతులు రాస్తూ జీవనం సాగించి, క్రీ.శ. 399లో అక్కడే కన్నుమూశాడు. నగరాన్ని విడిచినా తలంపులు ఆయన్ను విడవలేదు. వాటిని నిశితంగా పరిశీలించి తిండియావ, కామం, ధనాశ, దుఃఖం, క్రోధం, నిర్వేదం, కీర్తికాంక్ష, గర్వం అని ఎనిమిదిగా విభజించాడు. మనమెరిగిన అరిషడ్వర్గాలలో కొన్ని ఇందులోనూ కనిపిస్తాయి. నిర్వేదం ఆవహించిన సాధకుడికి మధ్యాహ్నపు సూర్యుడు కదలనట్లే ఉంటాడట. పగలు యాభై గంటలుగా తోస్తుందట. ఉన్న చోటు, చేసే పని వెగటు పుడతాయట. ఈ స్థితి మనకు తెలియనిదా?

తలంపు రావడం మన చేతిలో లేదు, దాన్ని నిలవనివ్వడం మాత్రం మన చేతిలోనే ఉందన్నది ఆయన బోధ. పిలవకుండా గడప తొక్కినదానికి పీట వేసి కూర్చోబెట్టడమే ప్రమాదం. అరణ్యంలో ఏసుక్రీస్తు శోధనను లేఖన వాక్యాలతో ఎదుర్కోవడం ఆయనకు ఆదర్శమైంది. ఒక్కొక్క దుష్ట తలంపునకు బదులు చెప్పగల బైబిలు వాక్యాలను ఏరి ఒక గ్రంథంగా కూర్చాడు. క్రోధం తలెత్తితే దానితో వాదించక, కంఠస్థమైన వాక్యాన్ని స్మరించడమే ఆ సాధన.

ఆ ఎడారిలోనే శిక్షణ పొందిన జాన్ కాసియన్, మోసెస్ అనే గురువు చెప్పిన ఉపమానాన్ని గ్రంథస్థం చేశాడు. నీటి ఉరవడికి తిరిగే పిండిమర ఆగదు. అందులో గోధుమలు పోయాలా, బార్లీ పోయాలా, కలుపు గింజలు పోయాలా అన్నది మర నడిపేవాడి ఇష్టం. మనసూ అంతే!

అపొస్తలుడైన పౌలు బంధకాలలో ఉండి ఫిలిప్పీ విశ్వాసులకు లేఖ రాశాడు. సత్యమైన, న్యాయమైన, పవిత్రమైన విషయాలపైనే మనసు నిలపమని కోరాడు. సంకెళ్లు ఆయన చేతులకే గాని, తలంపులకు కావు.

రేపు ప్రార్థనలో మనసు పరుగు తీస్తే నిరాశ చెందకండి. తిరగడం దాని స్వభావం. నిద్ర లేవగానే తొలి దోసిలిగా ఏ గింజలు పోశారో చూసుకోండి. సాయంత్రానికి మన మాటలో, చూపులో, చేతలో రాలేది ఆ పిండే.