చేప ఒంటిమీద ఉప్పు చల్లిందెవరు?

మీ ఇంట్లో గాని, స్నేహితుల ఇంట్లో గాని అద్దాల చేపల తొట్టి వుందా? అయితే ఎప్పుడో ఒకనాడు ఈ దృశ్యం మీ కంట పడవచ్చు. నిన్నటిదాకా చలాకీగా తిరిగిన గప్పీ చేప ఇవాళ రెక్కలు ముడుచుకొని ఒక మూల వుండిపోతుంది. ఇంకొకటి అడుగున వున్న గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకొంటూ వుంటుంది. దగ్గరగా చూస్తే దాని ఒంటి మీద, రెక్కల మీద, తోక మీద తెల్లని చుక్కలు! ఎవరో చిటికెడు ఉప్పు రవ్వలు చల్లినట్లు వుంటాయి.

ఇదే తెల్లమచ్చల వ్యాధి. మంచినీటి చేపలు పెంచేవారికి బాగా తెలిసిన జబ్బు. పట్టించుకోకపోతే కొద్ది రోజుల్లోనే తొట్టిలోని చేపలన్నీ చనిపోవచ్చు. విచిత్రమేమిటంటే, మందు వేసినా చేపలను కాపాడుకోలేకపోయేవారు చాలామందే వుంటారు. మందులో లోపం వుండదు. ఆ మందు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలియకపోవడమే కారణం. అది తెలియాలంటే ముందు ఆ తెల్లచుక్క ఏమిటో, దాని బతుకు ఎలా సాగుతుందో తెలుసుకోవాలి.

పేరులోనే కథ

ఒక్కొక్క తెల్లచుక్కలో ఒక పరాన్నజీవి దాక్కొని వుంటుంది. దాని శాస్త్రీయనామం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకే దీనికి ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘ఇక్తిస్’ అంటే చేప, ‘ఫ్తైర్’ అంటే పేను. లాటిన్‌లో ‘మల్టిఫిలిస్’ అంటే బహుసంతానం కలది. నోరు తిరగని ఈ పేరును చేపలు పెంచేవారు ‘ఇక్’ అని కుదించుకున్నారు.

పేరులో పేను వున్నా ఇది పేను కాదు, అసలు కీటకమే కాదు. ఒకే ఒక కణం గల ప్రోటోజోవా. మీరు పాఠంలో చదువుకున్న పారమీసియంకు దూరపు చుట్టం. పారమీసియంకు లాగే దీని ఒళ్ళంతా సన్నని శైలికలు వుంటాయి. బాగా పెరిగితే ఇది దాదాపు ఒక మిల్లీమీటరు వుంటుంది. ఒంటరి కణం మామూలు కంటికి కనిపించడం అరుదైన సంగతే కదా! సూక్ష్మదర్శినిలో చూస్తే, లోపల గుర్రపు నాడా ఆకారంలో పెద్ద కేంద్రకం స్పష్టంగా తెలుస్తుంది.

మూడు దశల బతుకు

మొదటి దశ చేప ఒంట్లో గడుస్తుంది. ఇక్ చేప చర్మపు పై పొర కిందికి దూరి, గుండ్రంగా తిరుగుతూ, అక్కడి కణాలను తిని పెరుగుతుంది. మొప్పలలోనూ ఇలాగే చేరుతుంది. చర్మం మీది మచ్చలకన్నా మొప్పల్లోనివే ఎక్కువ ప్రమాదం. అవి మనకు కనిపించవు. చేపకు ఊపిరి ఆడనివ్వవు. ఇక్ సోకిన చేప నీటిపైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడేది అందుకే.

రెండో దశలో, కడుపు నిండిన ఇక్ చర్మాన్ని చీల్చుకొని నీటిలోకి వస్తుంది. కొన్ని గంటలు అటూ ఇటూ తిరిగి గులకరాయికో, మొక్కకో, అద్దానికో అంటుకొంటుంది. తన చుట్టూ జిగురులాంటి పొరను కట్టుకొని లోపల విభజన మొదలు పెడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... ఇలా పదిసార్లు జరిగితే ఎంతో లెక్క కట్టండి. 1,024! నిజంగానే ఒక్క ఇక్ నుంచి కొన్ని వందలు మొదలు వెయ్యి దాకా పిల్లలు పుడతాయి. బహుసంతానం అన్న పేరు ఊరికే రాలేదు.

మూడో దశ ఈ పిల్లలది. పొర పగిలి అవి నీటిలోకి ఈదుతూ వస్తాయి. మిల్లీమీటరులో 20వ వంతుకు మించవు కాబట్టి మన కంటికి ఆనవు. వాటికి తిండి చేప ఒంట్లోనే దొరుకుతుంది. ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చాలామటుకు చనిపోతాయి. దొరికితే చర్మంలోకి దూరి మళ్ళీ మొదటి దశ ప్రారంభిస్తాయి.

ఈ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందన్నది నీటి వేడిని బట్టి వుంటుంది. 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 3 నుంచి 6 రోజుల్లో పూర్తవుతుంది. 7 డిగ్రీలకన్నా చల్లని నీటిలోనైతే అయిదు వారాలకు పైగా పట్టవచ్చు.

మందు దేనికి?

ఇప్పుడు ఆలోచించండి. చర్మం కింద వున్న ఇక్‌కు చేప చర్మమే గొడుగు. రాయికి అంటుకొన్న ఇక్‌కు జిగురు పొర కవచం. ఈ రెండు దశల్లోనూ నీటిలో కలిపిన మందు దానికి సరిగా తగలదు. దాపు లేకుండా ఈదే మూడో దశలోనే మందుకు దొరికిపోతుంది. అంటే మనం వైద్యం చేసేది చేపకు కాదు, నీటికి!

చాలామంది మోసపోయేది ఇక్కడే. మందు వేసిన మూడు నాలుగు రోజులకు మచ్చలు మాయమవుతాయి. జబ్బు తగ్గిందనుకొని మందు ఆపేస్తారు. నిజానికి మచ్చలు రాలిపోయిన రోజున ఇక్‌లు అడుగున కూర్చొని పిల్లలను తయారు చేస్తూ వుంటాయి. వారం తిరక్కుండా ముందుకన్నా ఎక్కువ మచ్చలు కనిపిస్తాయి. అందుకే ఆఖరి మచ్చ పోయిన తరువాత కూడా కనీసం ఒక వారం చికిత్స సాగించాలి.

చికిత్స ఎలా?

మొదటిది వేడి. హీటరుతో నీటిని కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచి 29, 30 డిగ్రీలకు తేవాలి. అప్పుడు ఇక్ తొందరగా చేపను వదిలి మందుకు చిక్కుతుంది. అయితే 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి వుండగలిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే వుండగలదు. అసలే మొప్పలు దెబ్బతిన్న చేపలు! కాబట్టి గాలి పంపు ఆగకుండా నడవాలి. చల్లని నీటిని ఇష్టపడే బంగారు చేపలకు ఇంత వేడి పెట్టకండి.

రెండోది ఉప్పు. అయొడిన్ కలపని కల్లుప్పు లీటరుకు 2 గ్రాములు చాలు. మీ తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు వుండి, నీరు 25 సెంటీమీటర్ల ఎత్తు వుంటే మొత్తం 45 లీటర్లు. అంటే 90 గ్రాముల ఉప్పు. దానిని విడిగా కరిగించి, ఒక రోజులో మూడు నాలుగు విడతలుగా పోయాలి. ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు ఉప్పు కలపనక్కరలేదు. ఎందుకో చెప్పగలరా? నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదు! జెల్ల జాతి చేపలూ, కొన్ని మొక్కలూ ఉప్పును ఓర్చుకోలేవు. మొక్కలను చేపలు లేని మరో పాత్రలో రెండు వారాలు వుంచితే, తిండి లేక వాటిమీది ఇక్ దానంతటదే నశిస్తుంది.

మూడోది శుభ్రం. రోజూ గొట్టంతో అడుగున వున్న మడ్డిని, కొంత నీటిని తోడేయండి. దానితోపాటు జిగురు పొరల్లోని ఇక్‌లు కూడా పోతాయి. తోడిన నీటికి బదులు పోసే నీటిలో లెక్క ప్రకారం ఉప్పు కలపాలి.

జబ్బు ముదిరితే మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ వంటి మందులు వాడతారు. ఇవి విషపదార్థాలు. మాలకైట్ గ్రీన్‌ను తినే చేపలకు వాడరాదని అమెరికా, ఐరోపా దేశాలు నిషేధించాయి. ఈ పని పెద్దలకే వదిలిపెట్టండి. సీసా మీది మోతాదు మించకూడదు. వడపోత యంత్రంలో బొగ్గు వుంటే ముందే తీసేయమని వారికి గుర్తు చేయండి. లేకపోతే మందును బొగ్గే పీల్చేసుకొంటుంది.

తెల్లగా వున్నదంతా ఇక్ కాదు

పెట్టలతో జతకట్టే కాలంలో మగ బంగారు చేపల మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున వరుసగా తెల్లని బొడిపెలు వస్తాయి. అవి జబ్బు కాదు. అలాగే 1994 నుంచి మన కోస్తా రొయ్యల చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చల వ్యాధి వేరు. అది వైరస్ వల్ల వస్తుంది. మీ గప్పీకి సోకదు.

రాకుండా చూడాలంటే?

ఇక్ గాలిలో ఎగిరి రాదు. కొత్త చేపతోనో, మొక్కతోనో, తడి వలతోనో వస్తుంది. కాబట్టి కొన్న చేపను రెండు వారాలు వేరే తొట్టిలో వుంచి చూడండి. చలికాలపు రాత్రుల్లో నీరు ఒక్కసారిగా చల్లబడకుండా జాగ్రత్త పడండి. వణికిన చేపకు జబ్బును ఎదిరించే శక్తి తగ్గుతుంది. ఇక్ సోకి కోలుకొన్న చేపకు మాత్రం కొంతకాలం దానిని తట్టుకొనే నిరోధకశక్తి వస్తుంది.

చివరగా మీకొక లెక్క. ఒక చేప మీద 20 మచ్చలున్నాయి. ఒక్కొక్కటి 500 పిల్లలను పెట్టింది. వాటిలో నూటికి రెండే చేపను చేరుకొన్నాయనుకొందాం. మొదటి చక్రం తరువాత ఎన్ని మచ్చలు? రెండో చక్రం తరువాత ఎన్ని? కాగితం తీసుకొని వేయండి. చికిత్సను ఒక్క రోజు కూడా ఎందుకు వాయిదా వేయకూడదో ఆ జవాబే మీకు చెబుతుంది.