తలుపు లేని తాళంకప్ప

చేతికి చిన్న గాయమైతే కొద్దిరోజుల్లో మానిపోతుంది. అక్కడ కొత్త చర్మమే కాదు, దానికి రక్తాన్ని అందించే సన్నని రక్తనాళాలు కూడా పుట్టుకొస్తాయి. మరి ఎప్పుడు పెరగాలో ఈ నాళాలకు చెప్పేదెవరు?

ప్రాణవాయువు చాలని కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనును బయటికి విడుస్తాయి. "ఇక్కడ రక్తం చాలడం లేదు, కొత్త నాళాలు కావాలి" అన్నదే అది మోసుకెళ్లే కబురు. ఆ కబురును అందుకోవడానికి రక్తనాళాల గోడల్లోని కణాల పైపొరలో కొన్ని ప్రోటీన్లుంటాయి. వీటిని గ్రాహకాలు అంటారు.

గ్రాహకం ఒక తాళంకప్ప, వి.ఇ.జి.ఎఫ్. దాని తాళంచెవి అనుకోండి. గ్రాహకంలో ఒక భాగం కణం వెలుపల, ఇంకొక భాగం లోపల ఉంటాయి. తాళంచెవి వెలుపలి భాగంలో అమరగానే లోపలి భాగం పని ప్రారంభిస్తుంది. కబురు కేంద్రకం దాకా చేరుతుంది. కణం విభజన చెందుతుంది. కొత్త నాళం మొలుస్తుంది.

ఈ కబురు అతిగా పుడితే మాత్రం ప్రమాదమే. మధుమేహం ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కంటిలోని నేత్రపటలంలో సన్నని నాళాలు దెబ్బతింటాయి. ప్రాణవాయువు అందని కణాలు వి.ఇ.జి.ఎఫ్.ను ఎక్కువగా విడుస్తాయి. అప్పుడు నాళాల నుంచి ద్రవం కారి నేత్రపటలం ఉబ్బుతుంది. కొందరిలో కొత్త నాళాలు కూడా మొలుస్తాయి. అవి పెళుసైనవి. చిట్లితే కంటిలో రక్తం చేరుతుంది. చూపే పోవచ్చు.

దీన్ని ఆపడానికి శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. గ్రాహకం వెలుపలి భాగాన్ని మాత్రమే విడిగా తయారుచేసి ద్రవంలో వదిలితే ఏమవుతుంది? తాళంచెవి అందులో ఇరుక్కుపోతుంది. కాని దాని వెనుక తెరుచుకునే తలుపే లేదు! కబురు దారిలోనే ఆగిపోతుంది.

అఫ్లిబెర్సెప్ట్ అనే మందు ఇటువంటిదే. అమెరికాలోని రీజెనెరాన్ సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో దీన్ని వివరించారు. రెండు రకాల గ్రాహకాల వెలుపలి ముక్కలను కలిపి, వాటికి మన రక్తంలో ఉండే ప్రతిరక్షకం తోకభాగాన్ని జోడించారు. ఆ తోక వల్ల అణువుకు రెండు చేతులు ఏర్పడి, వి.ఇ.జి.ఎఫ్.ను పట్టకారులా రెండువైపులా పట్టుకుంటాయి. ఇందుకు కావలసిన జన్యువును హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు కణాల్లో ప్రవేశపెట్టి, ఆ కణాలను పెంచి ప్రోటీనును రాబడతారు.

అమెరికాలో దీనికి 2011లో వృద్ధాప్యంలో వచ్చే ఒక నేత్రపటల వ్యాధికి, 2014లో మధుమేహం వల్ల వచ్చే నేత్రపటలం వాపుకు అనుమతి లభించింది. మొదట వచ్చిన మందులో ఒక మోతాదు 2 మిల్లీగ్రాములు. దాన్ని సన్నని సూదితో నేరుగా కంటిలోకే ఎక్కిస్తారు. ఎందుకంటే మిగతా శరీరానికి వి.ఇ.జి.ఎఫ్. అవసరం ఉంది కదా! ఇటువంటి మందునే పెద్దపేగు కాన్సరుకు రక్తంలోకి ఎక్కించినప్పుడు రక్తస్రావం కావచ్చు, గాయాలు మానడం ఆలస్యం కావచ్చు.

ఈ మందు ప్రభావం శాశ్వతం కాదు. సూదులు మళ్లీ మళ్లీ వేయాలి. చనిపోయిన కణాలను ఇది బతికించలేదు కూడా. అందువల్ల జబ్బును ముందుగా గుర్తించడమే ముఖ్యం. తొలిదశలో నొప్పి ఉండదు, చూపు తగ్గినట్లు కూడా తెలియదు. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే, చూపు బాగానే ఉన్నా ఏడాదికొకసారి కంటిపరీక్ష చేయించుకోమని చెప్పండి. ఎందుకో అడిగితే, ఈ తాళంకప్ప కథ వినిపించండి.