డ్యూయల్ డిగ్రీ ఇంజనీరింగ్: ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు చేరే ముందు తెలుసుకోవలసినవి

(ప్రత్యేక వ్యాసం)

పదో తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వెంటనే కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో 'ట్రిపుల్ ఐటీ' అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. ఆ ఒక్క పేరుతో మూడు వేర్వేరు విద్యాసంస్థలు వ్యవహారంలో ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

మొదటిది 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. ఇడుపులపాయ ప్రాంగణం దీనికి చెందినదే. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశాలు జరుగుతాయి. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అదనపు మార్కుల వెసులుబాటు కలదు. రెండవది 2015లో కర్నూలులో నెలకొల్పిన జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ. ఇందులో బీటెక్ సీట్లను జేఈఈ మెయిన్ ర్యాంకుపై జోసా కౌన్సెలింగ్ ద్వారా కేటాయిస్తారు. మూడవది 1998లో ప్రారంభమైన హైదరాబాద్ సంస్థ.

ఇడుపులపాయలోని ఆరేళ్ల కోర్సును డ్యూయల్ డిగ్రీగా భావించడం పొరపాటు. రెండేళ్ల ప్రీ యూనివర్సిటీ కోర్సు ఇంటర్మీడియట్‌తో సమానం, తదుపరి నాలుగేళ్లు బీటెక్. చివరకు లభించే ఇంజనీరింగ్ పట్టా ఒక్కటే. అసలైన డ్యూయల్ డిగ్రీలో ఇంటర్ తరువాత ఐదేళ్లకు బ్యాచిలర్, మాస్టర్ పట్టాలు రెండూ లభిస్తాయి. ఐఐటీల్లో బీటెక్‌తో ఎంటెక్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పరిశోధన ప్రధానమైన ఎంఎస్ ఈ కోవలోనివి. విడివిడిగా చదివితే ఆరేళ్లు పట్టే చదువు ఐదేళ్లలో పూర్తికావడం దీని ప్రధాన ప్రయోజనం.

అయితే ఆ ఐదవ ఏడాదే ఈ ప్రాంత కుటుంబాలకు అసలు సమస్య. పత్తి విపణికి పేరుగాంచిన ఆదోనిలోనూ, చేనేతకు పేరుగాంచిన ఎమ్మిగనూరులోనూ దినసరి ఆదాయంపై బతికే కుటుంబాలు అనేకం. కోసిగి, కౌతాళం వంటి మండలాల నుంచి ఏటా సుగ్గికి వలస వెళ్లేవారు ఉన్నారు. అటువంటి ఇంట నాలుగేళ్లకే ఉద్యోగం చేయవలసిన అవసరం ఏర్పడితే, డ్యూయల్ డిగ్రీలో ఉన్న విద్యార్థి బీటెక్ పట్టాతో బయటకు రాగలడా? ప్రవేశానికి ముందే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. దీనికి సంబంధించిన నిబంధన సంస్థను బట్టి మారుతుంది. కొన్ని ఐఐటీల్లో నాలుగేళ్ల బీటెక్‌లో చేరి, మధ్యలో అర్హతను బట్టి డ్యూయల్ డిగ్రీకి మారే అవకాశం ఉంది. ఆర్థికంగా నిలదొక్కుకోని కుటుంబాలకు ఈ మార్గమే మేలు.

ఐదవ ఏడాదికి లభించే ఉపకార వేతనం గురించి కూడా ముందే విచారించాలి. బీటెక్ ముగించి గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు రూ.12,400 చొప్పున ఉపకార వేతనం ఉంది. డ్యూయల్ డిగ్రీవారికి ఇదే సాయం ఏ షరతులపై లభిస్తుందో ఆయా సంస్థల నిబంధనావళిలో చూసుకోవాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ విషయంలో మరో రెండు అంశాలు గమనించదగినవి. అక్కడి ప్రవేశాల్లో రిజర్వేషన్ విధానం లేదు, ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. డ్యూయల్ డిగ్రీకి యూజీఈఈ అనే ప్రత్యేక పరీక్ష, ఆపై ఇంటర్వ్యూ ఉంటాయి. జేఈఈకి మాత్రమే సిద్ధమైన విద్యార్థి ఈ పరీక్ష దరఖాస్తు గడువును గమనించక అవకాశం కోల్పోయే ప్రమాదం ఉంది.

ఐదేళ్ల కోర్సులన్నీ డ్యూయల్ డిగ్రీలు కావు. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల 'ఇంటిగ్రేటెడ్ ఎంటెక్' కోర్సుల్లో ఐదేళ్ల చివర ఒకే పట్టా ఇస్తారు. అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వంటి ఉద్యోగ ప్రకటనల్లో బ్యాచిలర్ పట్టాను అర్హతగా పేర్కొంటారు కనుక, బీటెక్ పట్టా విడిగా ఇస్తారా లేదా అన్నది రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే ఫీజు చెల్లించడం మంచిది. కరపత్రంలో 'బీటెక్ ప్లస్ ఎంటెక్' అని అచ్చువేసినంత మాత్రాన సరిపోదు.

ఎమ్మిగనూరు, ఆదోని పరిసరాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇప్పటికే చేరినవారికి కూడా దారులు మూసుకుపోలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 ఏప్రిల్‌లో ఏకకాలంలో రెండు డిగ్రీలు చదివేందుకు అనుమతించింది. రెండూ ప్రత్యక్ష తరగతులైతే వేళలు ఢీకొనరాదు. ఒకటి ప్రత్యక్షంగా, మరొకటి గుర్తింపు పొందిన దూరవిద్య లేదా ఆన్‌లైన్ విధానంలో చదవవచ్చు. వృత్తి విద్యా మండళ్ల నియమాలు మాత్రం వర్తిస్తాయి. 2020లో ఐఐటీ మద్రాస్ ప్రారంభించిన డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సు ఇందుకు తగిన ఉదాహరణ. దీనికి జేఈఈ తప్పనిసరి కాదు. అర్హత దశ దాటితే చేరవచ్చు, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. మధ్యలో ఆపినా, చేరుకున్న దశను బట్టి సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ లభిస్తాయి. అల్పాదాయ వర్గాలకు ఫీజు రాయితీ ఉంది. బీటెక్ సబ్జెక్టులు మిగిలిపోయిన విద్యార్థిని దీనిలో చేర్పించడం మాత్రం సలహా అనిపించుకోదు.

విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడిగా ఇచ్చే పట్టాలకు 2022 మే నెలలో వెలువడిన యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. వీటి ప్రకారం డ్యూయల్ డిగ్రీ విద్యార్థి కనీసం 30 శాతం క్రెడిట్లను భారతీయ సంస్థలో పొందాలి. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులు ఈ నిబంధనల పరిధిలోకి రావు.

సలహా ఇవ్వవలసిన సమయం ఇంటర్ మొదటి సంవత్సరమే. ఆప్షన్ల నమోదు నాటికి ప్రారంభిస్తే ఆలస్యమవుతుంది. జోసా కౌన్సెలింగ్‌లో నాలుగేళ్ల బీటెక్, ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ వేర్వేరు ఆప్షన్లుగా కనిపిస్తాయి. శాఖ పేరు ఒకటే కావడంతో పొరబడే అవకాశం ఉంది. కనుక జూనియర్ కళాశాలల అధ్యాపకులు విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ఆప్షన్ల జాబితాను వరుసగా చదివించడం అవసరం.

ధ్రువపత్రాల విషయం మరింత కీలకం. కేంద్ర సంస్థలకు సమర్పించే ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ సంవత్సరం ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని జారీ అయినవై ఉండాలి. ముందే తీసుకుని దాచుకున్న పాత పత్రం చెల్లదు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లి ఉంటే, దరఖాస్తు ఎవరు పెట్టాలి, ఆధార్, రేషన్ కార్డుల ప్రతులు ఎవరి వద్ద ఉంటాయి అన్నది వారు ఊరు విడిచే ముందే నిర్ణయించుకోవాలి. కళాశాలలు అటువంటి విద్యార్థుల జాబితాను మార్చి నెలలోనే తహసీల్దారు కార్యాలయానికి అందజేస్తే, ఏప్రిల్ మొదటి వారం నుంచే పత్రాల జారీకి వీలవుతుంది.