కాపురాలు చక్కదిద్దే డాక్టరుకు గురువెవరు?

ఆలుమగల మధ్య పొరపొచ్చాలు వస్తే మన ఇళ్ళలో ముందుగా కూర్చునేది పెద్దమనుషులు. మేనమామో, పెదనాన్నో మధ్యలో కూర్చుని "సర్దుకుపోవాలమ్మా" అంటారు. అది కుదరనప్పుడు ఈ రోజుల్లో చాలామంది ఫ్యామిలీ కౌన్సెలరు దగ్గరకు వెళుతున్నారు. మంచిదే. అయితే ఒక సందేహం రావచ్చు. పెదనాన్న చెప్పేవీ మంచిమాటలే, కౌన్సెలరు చెప్పేవీ మంచిమాటలే. మరి ఇద్దరికీ తేడా ఏమిటి?

తేడా చదువులో ఉందంటారు. చదువు అవసరమే గాని, అదొక్కటే చాలదు. ఆయన పని నేర్చుకునే రోజుల్లో అనుభవజ్ఞుడొకరు దగ్గరుండి చూసి, తప్పులు దిద్దారా లేదా అన్నది అంతకంటే ముఖ్యం.

ఇద్దరి మధ్య మూడో మనిషి

ఒక ఉదాహరణ చూడండి. ఓ జంట వచ్చారనుకుందాం. భార్య కన్నీళ్ళతో బాధ చెప్పుకుంటోంది. భర్త ఉలకడు, పలకడు. కౌన్సెలరు యువకుడు. చిన్నప్పుడు వాళ్ళింట్లో తండ్రీ ఇలాగే బిగుసుకుని కూర్చునేవాడు. తనకు తెలియకుండానే అతను ఆమె వైపు తిరిగి కూర్చుంటాడు. ఆమెను పది ప్రశ్నలు వేస్తాడు, అతణ్ణి ఒక్కటి. మరుసటి వారం భర్త రాడు. "ఇతనికి కాపురం మీద ఆసక్తి లేదు" అని కాగితం మీద రాసేస్తాడు. తను ఒక పక్షం చేరిపోయిన సంగతి అతనికి తెలియనే తెలియదు!

దీనికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. మరో జంటలో మాట్లాడనిది భార్య. "నెమ్మదస్తురాలు" అనుకుంటాడు కౌన్సెలరు. కాని ఆమె నోరు విప్పనిది భయం వల్ల. "ఆయన మిమ్మల్ని కొడతారా?" అని భర్త ఎదుటే అడిగితే ఆమె ఏమని చెబుతుంది? చెబితే ఆ రాత్రి ఇంట్లో ఆమె గతేమిటి? అందుకే ఇలాంటి ప్రశ్నలు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి.

ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే వాళ్ళు మూడోవారిని లోపలికి లాక్కుంటారని అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ చెప్పాడు. ఇంట్లో ఆ మూడోవారు పిల్లవాడు కావచ్చు, అత్తగారు కావచ్చు. చికిత్స గదిలో కౌన్సెలరే కావచ్చు. లోపలికి లాగబడిన మనిషికి తాను ఎక్కడున్నదీ కనిపించదు. బయటినుంచి చూసే మరో కన్ను కావాలి.

అద్దం వెనుక గురువు

ఆ రెండో కంటిని చదువులో భాగం చేసినవారిలో ముఖ్యుడు సాల్వడార్ మినూచిన్. అర్జెంటీనాలో పుట్టిన ఈ డాక్టరు 1965లో అమెరికాలోని ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌కు వచ్చాడు. జే హేలీ, బ్రాలియో మోంటాల్వో ఆయనకు తోడయ్యారు. వాళ్ళ పద్ధతిలో చికిత్స గదికి ఒకవైపు ప్రత్యేకమైన అద్దం ఉంటుంది. లోపలివారికి అది మామూలు అద్దం. అవతలి చీకటి గదిలో కూర్చున్నవారికి మాత్రం లోపల జరిగేదంతా కనిపిస్తుంది, మైకు ద్వారా వినిపిస్తుంది. శిష్యుడు కుటుంబంతో మాట్లాడుతుంటే గురువు అటునుంచి చూస్తుంటాడు. శిష్యుడు దారి తప్పుతున్నాడనిపిస్తే లోపల ఫోను మోగుతుంది. "ఇంతసేపూ తల్లితోనే మాట్లాడావు, ఇక తండ్రిని అడుగు" అన్న తరహాలో ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తాడు. అవసరమైతే తానే లోపలికి వస్తాడు. వీడియో టేపు వేసుకుని తర్వాత మళ్ళీ చూసుకోవడమూ ఉంది.

ఆ క్లినిక్‌లోనే పెద్ద డిగ్రీలు లేని పేటవాసులకు కూడా కుటుంబ చికిత్స నేర్పారు. పుస్తకాలకంటే దగ్గరుండి దిద్దడం మీదనే ఆ శిక్షణ ఎక్కువగా ఆధారపడింది.

చాటుగా చూడటం మర్యాదేనా అని మీరు అడగవచ్చు. కుటుంబానికి ముందుగా చెప్పి, అనుమతి తీసుకున్నాకే ఇది చేయాలి. 1985లో నార్వే దేశపు ట్రోమ్సో పట్టణంలో టామ్ ఆండర్సన్ అనే డాక్టరు మరో అడుగు ముందుకు వేశాడు. అద్దం వెనుక ఉన్నవారు తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో కుటుంబమే విని, చూసే ఏర్పాటు చేశాడు. దాంతో దాపరికం పోయింది!

అమెరికాలో గుర్తింపు పొందిన కోర్సులలో చాలాకాలం ఒక లెక్క ఉండేది. విద్యార్థి 500 గంటలు చికిత్స చేయాలి. అందులో సగం జంటలనో, కుటుంబాలనో కలిపి కూర్చోబెట్టి చేసినదై ఉండాలి. దానికి తోడు 100 గంటలు గురువు పర్యవేక్షణ. అంటే ప్రతి 5 గంటల పనికీ ఒక గంట దిద్దుబాటు!

మన దగ్గర

కుటుంబాన్ని చికిత్సలోకి తీసుకురావడం మనకు కొత్త కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాల ఆవరణలో డాక్టర్ విద్యాసాగర్ గుడారాలు వేయించి, రోగుల బంధువులను వారితోనే ఉంచాడు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో కుటుంబ చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ కుటుంబం మొత్తం ఉండి చికిత్స పొందవచ్చు, విద్యార్థులు పెద్దల పర్యవేక్షణలో పని నేర్చుకుంటారు.

క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషను ఉంటుంది. కాని దంపతుల కౌన్సెలింగుకంటూ విడిగా లైసెన్సు లేదు. బోర్డు కట్టడం తేలిక. కాబట్టి జాగ్రత్త పడవలసింది మీరే.

ఏమేం అడగాలి?

మొహమాటపడకండి. పెళ్ళిచూపుల్లో ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలే వేస్తాం గదా!

1. జంటలకు చికిత్స చేయడం ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మీరు చేస్తుండగా వారు చూశారా?

2. ఇప్పటికీ క్లిష్టమైన కేసులను పెద్దలతో చర్చిస్తారా? పేర్లు బయటపెట్టకుండా చర్చిస్తారా?

3. మమ్మల్ని కలిపే గాక, విడివిడిగా కూడా చూస్తారా?

4. రికార్డు చేసేటట్లయితే మా ఇద్దరి అనుమతీ తీసుకుంటారా? వద్దంటే చికిత్స ఆపరు గదా?

ఈ ప్రశ్నలకు చిరాకు పడేవారి దగ్గర ఆగవలసిన పని లేదు. బాగా శిక్షణ పొందినవారు సంతోషంగానే జవాబు చెబుతారు.

ఇక బోధనాసుపత్రికి వెళితే మీకు ఎదురయ్యేది శిక్షణలో ఉన్న కుర్రవాడో, అమ్మాయో కావచ్చు. "మా కాపురం వీళ్ళ చేతిలోనా?" అని కంగారు పడకండి. వెనుక పర్యవేక్షించే పెద్ద డాక్టరు ఉన్నారా అని అడగండి. ఉంటే మీ కష్టం గురించి ఇద్దరు ఆలోచిస్తున్నట్టే.

చివరగా ఒక మాట. ఇంట్లో కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే కలిసి కౌన్సెలింగుకు వెళ్ళడం మొదటి మెట్టు కాదు. ముందు ప్రాణభద్రత. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112 నంబర్లున్నాయి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.